ముందే తెచ్చిన ఐసు ముక్క

మా గౌస్ మాస్టారికి ఒక జబ్బుంది. ఏదైనా అడిగితే మెడలో వేలాడే స్టాప్‌వాచీ వైపు చూస్తారు. జవాబు అందులో ఉన్నట్టు కాసేపు చూసి, "ఊఁ, ఎక్కు" అంటారు. ఎక్కాల్సింది బాక్సింగ్ రింగు. అక్కడ ఎదురుగా ఉండేది నూకాలక్క.

నూకాలక్కని మీరు చూడలేదు కాబట్టి చెబుతున్నాను. తెల్లారేసరికి విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్లో చేపల గంపలు ఎత్తి లారీల్లో వేసే మనిషి. సాయంత్రం అదే చేతులకి గ్లౌజులు తొడుక్కుని వస్తుంది. రాష్ట్రం తరఫున ఆడి పతకాలు తెచ్చింది. నేనేమో చీరల షాపులో సేల్స్ గర్ల్‌ని. బాక్సింగ్‌లో చేరి మూడు నెలలైంది. ఇంటి దగ్గర నీళ్ళ బిందె ఎత్తడానికే ఆపసోపాలు పడతాను. ఏ న్యాయం ప్రకారం మా ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టారో ఆ దేవుడికే తెలియాలి.

సాధన కోసం ఇద్దరు కొట్టుకోవడాన్ని స్పారింగ్ అంటారు. మా ఇద్దరి విషయంలో ఆ మాట శుద్ధ అబద్ధం. కొట్టేది ఆవిడ, తినేది నేను. నా చెయ్యి ఆవిడ దాకా ఒక్కసారైనా వెళ్ళిన పాపాన పోలేదు. ఆవిడ చెయ్యి మాత్రం ఎప్పుడు వచ్చిందో తెలిసేది కాదు. నుదుటి మీద టక్, డొక్కలో ధబ్, మళ్ళీ నుదుటి మీద టక్. తలకి తొడిగే హెడ్‌గార్డ్‌కి నుదుటి దగ్గర మందంగా దూది ఉంటుంది కదా, సరిగ్గా దాని మీదే. లోపల ఎవరైనా ఉన్నారా అని తలుపు కొట్టినట్టు.

"ఏంటక్కా, తలుపు కొడుతున్నారా?" అని ఒకరోజు అరిచేశాను.

నూకాలక్క నవ్వి, ఇంకోసారి కొట్టింది. అక్కడే. ఒళ్ళు మండిపోయింది నాకు.

దీనికి తోడు లేసుల గొడవ ఒకటి. గ్లౌజు తొడిగాక ఎవరి లేసు వాళ్ళు కట్టుకోలేరు. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, ముందు చేరినవాళ్ళు కొత్తవాళ్ళకి కట్టాలి. అంటే నన్ను కొట్టబోయే మనిషే ముందు నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, లేసు బిగించి ముడి వెయ్యాలన్నమాట. ఆ ముడి వేస్తూ నూకాలక్క తీసే ఆరాలకి అంతుండేది కాదు.

"ఏటే గుంటా, ఎక్కడ పంజేస్తన్నావు? మీ షావుకారు మంచోడేనా? అమ్మకి ఒంట్లో ఎలాగుంది?"

మొదటి రోజే విసుగొచ్చి అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. షావుకారు బాక్సింగ్ సంగతి విని హెచ్చరించాడని. "మొహం మీద దెబ్బతో కౌంటర్లో నిలబడితే పట్టుచీర కొనేవాళ్ళు పక్క షాపుకి పోతారమ్మా. మచ్చ కనపడిందో, ఇంక నువ్వు రానక్కర్లేదు" అన్నాడని. అమ్మ మందులు, ఇంటద్దె అన్నీ ఆ ఉద్యోగం మీదే నడుస్తున్నాయని. "చాలా అక్కా? ఇంకేమైనా కావాలా?" అని కూడా అన్నాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. ముడి ఒకసారి లాగి చూసి లేచింది.

అంత కొట్టినా మొహం మీద ఒక్క మచ్చ పడలేదు. అంతా ఎరుకుమాంబ అమ్మవారి చలవ అనేది మా అమ్మ. నేను వచ్చే వేళకి గుమ్మంలో లైటు వేసి, గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు లోపలికి రానిచ్చేది. వారం వారం అమ్మవారికి కొబ్బరికాయ కొట్టేది.

కానీ ఎన్నాళ్ళని ఇలా? నాకంటూ ఒక్క దెబ్బ తగలాలని ఉండదా? ఆ సోమవారం షాపు నుంచి వస్తూనే మాస్టారి ముందు నిలబడ్డాను.

"మాస్టారూ, రోజూ పెద్దవాళ్ళతోనే వేస్తారేంటి నన్ను? నేను నేర్చుకోవడానికి వచ్చానా, తన్నులు తినడానికి వచ్చానా?"

మాస్టారు స్టాప్‌వాచీ వైపు చూశారు.

"దాన్ని చూడకండి మాస్టారూ! నన్ను చూసి చెప్పండి. నా ఎత్తు, నా బరువు ఉన్నవాళ్ళతో వెయ్యండి. నాలాగ కొత్తగా చేరినవాళ్ళతో. లేదంటే రేపట్నించి రాను."

ఆయన తల ఎత్తారు. టీ గ్లాసు కింద పెట్టారు. చుట్టూ చూసి, మూలన తాడాట ఆడుతున్న దీవెనని పిలిచారు. పోయిన వారమే చేరిన అమ్మాయి. అచ్చం నా అంతే ఉంటుంది.

"సరే. దీవెనతో ఎక్కు" అన్నారు.

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారంటే అప్పుడే అనుమానం రావాలి నాకు. రాలేదు. ఎగిరి గంతేశాను.

"నూకాలూ, పక్క ఐసు ఫ్యాక్టరీకెళ్ళి ఒక ముక్క పట్రా" అన్నారు మాస్టారు.

"ఇప్పుడెందుకు మాస్టారూ? ఎవులికీ ఏటీ అవ్వనేదు కదా?"

"పట్రా."

ఆయన మోకాలి నొప్పికేమో అనుకున్నాను. దీవెన చేతులకి లేసులు గబగబా బిగించేశాను. ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది కానీ వినే ఓపిక ఎవరికుంది? ఇన్నాళ్ళకి నాకు సరైన జోడీ దొరికింది.

బెల్లు మోగింది.

ఏం చెప్పమంటారు! దీవెన కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, రెండు చేతులూ మర చక్రంలా తిప్పుతూ నా మీదకి వచ్చేసింది. ఏ చెయ్యి ఎక్కడికి వస్తుందో నాకే కాదు, ఆ పిల్లకీ తెలియదు. నేనూ తగ్గలేదు. మూడు నెలల కసి ఉంది కదా, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరాను. నా చెయ్యి తగిలింది! మొదటిసారి తగిలింది! ఆ సంబరం పూర్తయ్యే లోపలే నా ఎడమ కంటి కింద పిడుగు పడింది.

మాస్టారు బెల్లు కొట్టేశారు. మేమిద్దరం అప్పటికే చెరో మూలా కూలబడి ఉన్నాం. దీవెన పెదవి చిట్లింది. నాకు కన్ను సగం మూసుకుపోయింది.

"చూశారా మాస్టారూ, ఎలా కొట్టిందో! అదొక పద్ధతా? నా కన్ను చూడండి!"

నూకాలక్క వచ్చి నా పక్కన కూర్చుంది. ఐసు ముక్క అప్పటికే తువ్వాల్లో చుట్టి సిద్ధంగా ఉంది చేతిలో. నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురులోకి తిప్పింది, అచ్చం అమ్మ తిప్పినట్టు. తువ్వాలు కంటి కింద ఆనించి మెల్లిగా అడిగింది.

"రేపు మీ షావుకారు ఏటంటాడే?"

ఎప్పుడో మొదటి రోజు విసుక్కుంటూ పారేసిన మాట అది. నుదుటి మీద టక్. డొక్కలో ధబ్. మళ్ళీ నుదుటి మీద టక్. చేపల గంపలు విసిరే చేతులు. మూడు నెలలు, మొహం మీద ఒక్క మచ్చ లేదు. ఏడుపొచ్చేసింది నాకు. దెబ్బకి కాదు.

"ఊరుకోయే గుంటా. కదిలితే ఐసు జారిపోద్ది" అంది నూకాలక్క.

మాస్టారు రింగు తాడు మీద చేతులు ఆనించి వంగి చూశారు.

"మరి ఈసారి ఎవరితో వెయ్యమంటావు, సుగుణా?"

నేను ఒంటికంటితో నూకాలక్క వైపు చూశాను. ఆయన మళ్ళీ అడగలేదు.

ఆ సాయంత్రం అమ్మ గుమ్మంలో నా మొహం తిప్పి చూసి, లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు షావుకారు నన్ను చూసి చేతిలోని గజంబద్దతో బల్ల మీద గట్టిగా కొట్టాడు. కాసేపు తిట్టాడు. పండగ బేరాల రోజులు, మనిషి దొరకడు కాబట్టి బతికిపోయాను. వాపు తగ్గేదాకా కౌంటర్లోకి రావద్దని, లోపల గోడౌన్లో చీరలు మడత పెట్టమన్నాడు. "ఇదే ఆఖరు. ఇంకోసారి ఈ మొహంతో వస్తే అటునుంచి అటే ఇంటికి పో" అన్నాడు. ఉక్కపోతలో, కిటికీ లేని గదిలో కూర్చుని చీరలు మడత పెట్టాను. ఒక్కో మడతకీ నా మీద నాకే చిరాకు ఎక్కువైంది.

వాపు పూర్తిగా తగ్గాక మళ్ళీ వెళ్ళాను. చాలా రోజులు నూకాలక్కతోనే వేశారు. నేను నోరెత్తలేదు. నుదుటి మీద పడిన ప్రతి దెబ్బకీ, అది ఎక్కడ పడకుండా ఇక్కడ పడిందో చూడటం మొదలుపెట్టాను.

ఒకరోజు మాస్టారు స్టాప్‌వాచీ వైపు చూసి, "సుగుణా, దీవెనా, ఎక్కండి" అన్నారు.

నేను దీవెన ముందు కూర్చున్నాను. ఆ అమ్మాయి చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని లేసు అందుకున్నాను. ఈసారి తొందరపడలేదు.

"ఏం చేస్తుంటావమ్మా నువ్వు?"

దీవెన వింతగా చూసింది. "డిగ్రీ చదువుతున్నానక్కా."

"ఇంకా?"

"ఆదివారాలు చర్చిలో పాడతాను." నాలుకతో పెదవి తడుముకుంది. "మొన్న ఈస్టరుకి పాడలేకపోయాను. పెదవి తగ్గలేదు కదా. అమ్మమ్మ నా పాట కోసం ఊరి నుంచి వచ్చింది. ఆ రోజే చెబుదామనుకున్నాను మీకు."

నా వేళ్ళ కింద లేసు వదులైంది. మొదట్నించీ మళ్ళీ బిగించాను. ముడి వేసి, ఒకసారి లాగి చూసి లేచాను. నూకాలక్క వచ్చి నా లేసులు కట్టింది. ఈసారి ఆరాలేవీ తీయలేదు.

బెల్లు మోగింది. దీవెన మామూలుగానే కళ్ళు మూసుకుని మీద పడింది. నేను పక్కకి తప్పుకుని చెయ్యి చాచాను.

టక్. నుదుటి మీద.

మళ్ళీ వచ్చింది. మళ్ళీ టక్. అక్కడే.

దీవెన ఆగి, కళ్ళు తెరిచి, ఎర్రగా చూసింది నన్ను.

"ఏంటక్కా ఇది! తలుపు కొడుతున్నారా?"

తాళ్ళ అవతల నూకాలక్క నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది. మాస్టారు స్టాప్‌వాచీ వైపు చూస్తున్నారు.