ఆకు తిన్నా అరగని చిగురమ్మ

అనగనగా ఒక ఊళ్ళో... అందామంటే అప్పటికి ఊరే లేదర్రా. మనుషుల్లేరు, ఆఖరికి గడ్డి కూడా పుట్టలేదు. ఎటు చూసినా చిత్తడి నేల, తాటిచెట్లంత వింత మొక్కలు. భద్రం, కాళ్ళాడించడం ఆపి ఊఁ కొట్టు. ఇందూ, మీ అమ్మ పురిటికి ఆస్పత్రికి వెళ్ళిందని కంచం తోసేసి గోడవైపు తిరిగావు, సరే. చెవులైనా ఇటు పెట్టు.

ఆ కాలంలో నేలమీది జంతువులన్నీ చేపలో పురుగులో తిని బతికేవి. అంత ఆకున్నా ముట్టేవి కావు. ఆకు తినడం తేలికనుకున్నారేమిటి? నమలాలి, నమలాలి, మళ్ళీ నమలాలి. ఎవత్తో ఒకతి పురుగులు దొరక్క ఓ ఆకు కొరికింది. దాని కూతురు నాలుగు కొరికింది. ఆ కూతురి కూతురు, దాని కూతురి కూతురు... అలా ఎన్నెన్నో తరాలు గడిచేసరికి వాటి పళ్ళు తిరగలి రాళ్ళలా వెడల్పయ్యాయి, పొట్టలు గాదెల్లా పెరిగాయి. ఏదీ ఒక్కరోజులో రాదర్రా, మీ తాతయ్య బొజ్జ కూడా అంతే.

అయినా ఆకును అరిగించేది ఆ పొట్ట కాదు. అందులో కంటికి కనపడని బుల్లి జీవులుండేవి, అవి అరిగించేవి. పుట్టుకతో అవి రావు. పాలు పెరుగవ్వాలంటే మజ్జిగ చుక్క వెయ్యొద్దూ? అలాగే తల్లి నమిలిన ముద్ద పిల్ల నోట్లో పెట్టాలి. ఊఁ కొడుతున్నారా?

చిగురమ్మ అని ఓ పిల్ల. ఆ ముద్ద పెట్టకముందే వాళ్ళమ్మ వరదలో కొట్టుకుపోయింది. వాళ్ళ మంద ఏమో ఆకులు వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. పాపం, ఒక్కత్తే మిగిలింది. తింటుంది, ఏడుస్తుంది. ఏడుస్తుంది, తింటుంది. పొట్ట నిండుతోంది, ఒళ్ళు చిక్కుతోంది. పొద్దుగూకితే ఊఁ అని పిలిచేది. మందలో ఉండగా ఒకటి ఊఁ అంటే పది ఊఁ అనేవి. ఇప్పుడు పలికే నాథుడు లేడు. తలుచుకుంటే నాకే దుఃఖమొస్తుంది.

ఇక నడవలేక ఓ సాయంత్రం కూలబడిపోయింది. కళ్ళు మూసుకుని ఇంకొక్కసారి ఊఁ అంది. పొదల్లోంచి సన్నగా ఊఁ అని వినిపించింది! పాక్కుంటూ వెళ్ళి చూస్తే ఓ ముసలిది. పళ్ళన్నీ అరిగిపోయి, నమల్లేక, మంద వెనక పడిపోయింది. ఎన్నాళ్ళయిందో ఎవరితోనైనా ఊఁ అని.

దీనికి పళ్ళున్నాయి, అరగదు. దానికి అరుగుతుంది, పళ్ళు లేవు. చిగురమ్మ నమిలి నమిలి ముసలిదాని నోట్లో పెట్టింది. ముసలిది మింగి, కాసేపటికి పైకి తెచ్చుకుని, సగం చిగురమ్మ నోట్లో పెట్టింది. ఆ ముద్దతో ఇద్దరూ బతికారు. కొన్నాళ్ళకి ముసలిది హాయిగా కన్ను మూసింది. చిగురమ్మ మళ్ళీ ఒంటరిదై, ఊఁ అనుకుంటూ నడిచి నడిచి ఓ మందలో కలిసింది. దాని పిల్లలకి అదే ముద్ద, వాటి పిల్లలకీ అదే ముద్ద. పాకలో మన గౌరి నెమరేస్తోందే, అదీ ఆ ముద్దే అంటాను నేను. కాదంటే మీ మాస్టార్ని అడుక్కోండి. ఒంటరిగా తిన్న తిండి ఒంటికి పట్టదర్రా.

భద్రం గురక పెడుతున్నాడు. ఇందూ, నువ్వు మేలుకునే ఉన్నావు, నాకు తెలుసు. ఆకలేస్తోందా? ఊఁ అను, చాలు.

ఆఁ, విన్నాను. లే, పెరుగన్నం కలుపుతాను. నీకో ముద్ద, నాకో ముద్ద. నువ్వు తినకుండా నేను తిన్నాననుకున్నావుటే పిచ్చిదానా? కథని కంచికి పోనీ, మనం కంచం దగ్గరికి పోదాం పద.