నీడలమ్మ కోనలో నేలసంపెంగలు నిలిచిన కథ

భక్తులారా, నీడలమ్మ కోనలోకి దిగేముందు చెప్పులు విప్పండి. ఎండ వెనకే ఆగిపోతుంది, చల్లదనం అరికాళ్ళ నుంచి గుండెదాకా ఎక్కుతుంది. నల్లమద్ది చెట్ల కింద గుడి లేదు, గోపురం లేదు. ఒక నున్నని రాయి, అదే అమ్మవారు. దాని చుట్టూ నేలసంపెంగలు. కాడ లేదు, ఆకు లేదు, నేలలోంచి నేరుగా పువ్వే లేస్తుంది. తెలుపులో ఊదా కలిసిన పువ్వు.

పూర్వం ఇక్కడ కాటయ్య అనే పశువుల కాపరి తప్పిపోయిన దూడను వెతుకుతూ వచ్చి ఈ పూలను చూశాడు. ఆ రాత్రే అతని కొత్త పెళ్ళాం పోలికి అమ్మవారు కలలో కనిపించి, "కోనలో ఉన్నది నా ఇల్లే. చూసుకో" అన్నది. పోలి పొంగిపోయింది. తెల్లవారగానే వెళ్ళి, ఇల్లు చూసుకోవడమంటే తనకు తెలిసిన పని చేసింది. పూల చుట్టూ రాలిన ఆకులన్నీ ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టింది. నేల అద్దంలా మెరిసింది. కొద్దిరోజులకే ఆ నేల పెళుసెక్కి బీటలిచ్చింది, పూలన్నీ మాడిపోయాయి.

"అమ్మ కప్పుకున్న దుప్పటి లాగి పారేశావు కదే" అన్నది అత్త ఈదమ్మ. "వచ్చే ఏడు రోహిణి కార్తె దాటేలోగా పువ్వు లేస్తే సరి. లేదంటే మూట కట్టుకుని పుట్టింటికి పో."

"రెండు మూటలు కట్టమ్మా, నేనూ పోతా" అన్నాడు కాటయ్య.

"పోరా. మీ అత్త గంజి ఎంత పలచనో అప్పుడు తెలుస్తుంది."

పోలి తాను ఊడ్చిన ఆకులను కొంగులో ఎత్తి తెచ్చి మళ్ళీ పరిచింది. చాలక అడవంతా తిరిగి ఎండుటాకు మోసింది. వానలకు ఆకు కుళ్ళి, నేల నల్లబడి మెత్తనైంది. చలికాలమంతా మొక్క జాడే లేదు. నేలలోని పూల గడ్డ బతికుందో లేదో తవ్వి చూద్దామని చేయి చాపేది, నిద్రపోయేవాళ్ళను లేపినట్టవుతుందని వెనక్కి తీసుకునేది.

రోహిణి కార్తె చివరి రోజు వచ్చింది. మూట చంకన పెట్టుకుని, అమ్మకు చెప్పి వెళ్దామని పోలి అత్తతో కోనలోకి దిగింది. ముందురోజు జల్లుకు ఆకులు తడిసి ఉన్నాయి. ఒకచోట ఆకు కదిలింది. పామనుకుని ఈదమ్మ కోడలిని వెనక్కి లాగింది. పాము కాదు, ఆకును తలతో చీల్చుకుని ఊదా మొగ్గ. పక్కన మరొకటి, రాయి వెనక ఇంకెన్నో, చూస్తుండగానే నేలంతా విచ్చుకుంటున్నట్టుంది.

ఈదమ్మ తానే కొంగునిండా ఎండుటాకు ఏరుకొచ్చి మొగ్గల మధ్య పరిచింది. తర్వాత మూట అందుకుని, "తొక్కకుండా నడు. ఇంటికి పోదాం" అన్నది.

నేటికీ ఈ కోనలో చీపురు ఆడదు. కొత్త కోడలిని తీసుకొచ్చిన అత్తగారే ముందు కొంగుతో ఎండుటాకు తెచ్చి అమ్మ చుట్టూ పరుస్తారు. తిరుగు దారిలో కోడలి మూట అత్తగారే మోస్తారు. అలా మోసిన ఇంట్లో కోడలు వేరూని నిలుస్తుందని, ఆ ఇంటిపై అమ్మ నీడ తొలగదని ఇక్కడివారి నమ్మకం.