గలగలమన్న బొరియ

అనగనగా ఒక అడవిలో, రేగుపొదల చాటున ఒక బొరియ. అందులో కంపయ్య, సూదమ్మ అనే ముళ్లపందులు కాపురముండేవి. ఆ కొత్త కాపురం రోజులు తలుచుకుంటే సూదమ్మకు కళ్లు చెమర్చేవి. ఒక్క దుంప దొరికితే చాలు, "నువ్వు తిను" అంటే "కాదు, నువ్వు తిను" అని ఇద్దరూ బతిమాలుకునేవారు. ఈలోగా దాన్ని చీమలు తినిపోయేవి!

కొన్నాళ్లకు వాళ్లకు మొగ్గ అనే కూతురు పుట్టింది. మొగ్గ అందరు పిల్లల్లాంటిది కాదు. పిలిస్తే తిరిగి చూడదు. పొద్దంతా గులకరాళ్లు వరసగా పేర్చుకుంటుంది. చిన్న చప్పుడైనా దానికి పిడుగే. మనుషుల్లోనూ ఇలాంటి పిల్లలున్నారర్రా, ఆటిజం అంటారు. అది ఎవరి తప్పూ కాదు. ఆ సంగతి పాపం ఆ ముళ్లపందులకు తెలియదు.

"నీ గారాబమే దీన్నిలా చేసింది!" అనేవాడు కంపయ్య.

"మీ వంశంలోనే ఉంది ఈ మొండితనం!" అనేది సూదమ్మ.

ముళ్లపందికి కోపమొస్తే ముళ్లు నిక్కబొడుచుకుని గలగలమంటాయి. ఇరుకు బొరియలో ఆ మోత ఎలా ఉంటుందో మీరే చెప్పండి! మొదట మొగ్గ మూలన నక్కింది. తర్వాత ఆట మానేసింది. ఆఖరికి తిండి మానేసింది. బిడ్డ పుల్లలా చిక్కిపోయింది. దానికీ "నువ్వు తినిపించలేదు", "నువ్వు మంచి దుంప తేలేదు" అని మళ్లీ గలగల.

ఒక సాయంత్రం కంపయ్య దుంపలకు వెళ్లాడు. బొరియ సద్దుమణిగింది. మొగ్గ మెల్లగా వచ్చి దుంప కొరికింది. సూదమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. అంతలో వాకిట్లో కంపయ్య అడుగుల చప్పుడు. మొగ్గ దుంప వదిలేసి మూలకు పరుగెత్తింది.

"నీవల్లే!" అనబోయింది సూదమ్మ. ముళ్లు లేచాయి. మూలన ఉన్న బిడ్డ వాటిని చూసి ఇంకా ముడుచుకుపోయింది. సూదమ్మకు గుండె తరుక్కుపోయింది. ఆ ముళ్లను అలాగే దించుకుంది.

"ఏమయ్యా, మన బిడ్డ మన పోట్లాటకే బెదిరిపోతోంది. ఇక తిట్టుకోవాలంటే దూరంగా ఉన్న ఆ రాళ్లగుట్ట అవతలికి పోదాం" అంది మెల్లగా.

కంపయ్య తల వంచుకున్నాడు. "అంతదూరం నడిచేసరికి నా కోపం చల్లారిపోతుందేమోనే!"

"చల్లారనీ!"

మొదట్లో నిజంగానే వెళ్లి తిట్టుకుని వచ్చేవారు. పోనుపోను గుట్ట దగ్గర తిట్లు తగ్గి, పాత రోజుల కబుర్లు ఎక్కువయ్యాయి.

మొగ్గ మారిపోలేదు. ఇప్పటికీ పిలిస్తే చూడదు. కానీ కడుపునిండా తింటోంది. ఒక మధ్యాహ్నం అమ్మానాన్నలు పక్కపక్కన పడుకుని ఉంటే, తనంతట తానే వచ్చి ఇద్దరి మధ్యా దూరి నిద్రపోయింది. ఒక్క ముల్లూ గుచ్చుకోలేదు.

నీతి: అమ్మానాన్నలు ఒద్దికగా ఉన్న ఇంట్లోనే ఏ బిడ్డయినా నిశ్చింతగా ఎదుగుతుంది.