విస్సన్న ఉప్పు చెయ్యి

అనగనగా అన్నానో లేదో, ఊఁ కొట్టడం మీ వంతు. ఊఁ కొట్టకపోతే కథ కాళ్ళు చాపుకుని పడుకుంటుంది! కొట్టారా? సరే, వినండి.

నేరేడుకోట అనే రాజ్యంలో విస్సన్న అని ఒక వంటవాడు ఉండేవాడు. కోట వంటశాలలో పెద్ద గరిటె అతనిదే. ఏటా కొత్త బియ్యం వచ్చాక రాజుగారు అమ్మవారికి నైవేద్యం పెట్టి, ఊరందరికీ సంతర్పణ చేసేవారు. ఆ వంటకి ఒక కట్టుబాటు ఉంది. అమ్మవారు ఆరగించేదాకా ఎవరూ రుచి చూడకూడదు. చూస్తే ఎంగిలి! మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలియాలి? ఉడికే గంగాళం మీదికి వంగి, ఆవిరి వాసన పట్టి తెలుసుకోవాలి. ఆ రోజు ఉప్పు తప్పిందా, ఆ వంటవాడు పెద్ద గరిటె కోటలో అప్పగించి వెళ్ళిపోవలసిందే.

విస్సన్నకి ముగ్గురు శిష్యులు. జోగన్న, పేరయ్య, బుచ్చన్న. ముగ్గురూ బుద్ధిమంతులే. కూరలు తరుగుతారు, పిండి రుబ్బుతారు, పొయ్యి ఎగదోస్తారు. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం విస్సన్న, "తప్పుకోండిరా! మీ మొహాలకి ఉప్పు కూడానా!" అని తనే గుప్పెడు తీసి విసిరేవాడు. వంట ఎక్కడ పాడు చేస్తారోనని భయం. అంతేగాని చెడ్డవాడు కాడు పాపం.

ఒక ఏడు ఏమైందంటే, పండుగ మూడు రోజులుందనగా విస్సన్నకి పడిశం పట్టింది. పడిశం పది రోగాల పెట్టు అన్నారు కదా! ముక్కు దిబ్బడ వేసింది. శొంఠి కషాయం తాగాడు, పసుపు నీళ్ళ ఆవిరి పట్టాడు. ఊహూఁ! ఇంగువ ముక్కుకి ఆనించుకున్నా వాసన లేదు.

విస్సన్న శిష్యుల్ని పిలిచాడు. పొయ్యి మీద గుమ్మడికాయ దప్పళం తెర్లుతోంది.

"జోగన్నా, ఉప్పు చాలిందంటావా?"

"మీరెలా అంటే అలా గురువుగారూ."

"పేరయ్యా, నువ్వు చెప్పు."

"మీకు తెలియనిదా అండీ!"

"బుచ్చన్నా, నువ్వైనా చెప్పరా!"

"అమ్మో, మీరుండగా నేనా!"

విస్సన్న చతికిలబడ్డాడు. "ఇన్నేళ్ళు నేర్పానే, ఒక్కడికీ ముక్కు లేదే!" అని భార్య అచ్చమాంబ దగ్గర వాపోయాడు.

"ముక్కులు నిక్షేపంలా ఉన్నాయి. వాసన చూడనిచ్చింది ఎప్పుడు మీరు? వాళ్ళు వంగేలోపే మీ చెయ్యి ముందుకొచ్చేది" అంది ఆవిడ.

ఆ మాట విస్సన్నకి కారం రాసినట్టు మండింది. మండినా నిజం నిజమే. తరవాత శిష్యులతో, "ఒరే, పండుగ దాకా మన ఇంటి దప్పళంలో ఉప్పు మీదే. తినేదీ మనమే. ముందు ఆవిరి పట్టండి, తరవాత తిని సరిచూసుకోండి" అన్నాడు.

మొదటి రోజు జోగన్న వేశాడు. దప్పళం ఒట్టి చప్పిడి! విస్సన్న నోటిదాకా తిట్టు వచ్చింది. అచ్చమాంబ కళ్ళెర్ర చేసింది. తిట్టు మింగేసి, "ఆవిరి ఎలా ఉందిరా?" అని అడిగాడు.

"ఆవిరి చూడలేదండీ, మీ మొహం చూశాను. మీరు చిట్లించలేదు కదా, సరిపోయిందనుకున్నాను."

రెండో రోజు విస్సన్న తన మొహం కనబడకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అయితే ఏం లాభం? పేరయ్య ఉప్పు జాడీ మూత తియ్యగానే చెయ్యి తనంతట తనే అటు సాగింది. "ఈ చెయ్యి నా మాట వినేలా లేదు, కట్టెయ్యవే!" అన్నాడు. అచ్చమాంబ కండువాతో ఆ చేతిని స్తంభానికి కట్టేసింది. శిష్యులకి నవ్వాగలేదు. ఆ రోజు దప్పళం ఉప్పుకషాయం! అందరూ గటగటా మజ్జిగ తాగారు. ఎవరూ తిట్టకుండానే పేరయ్య, "మొదటి గుప్పెడికే పచ్చివాసన పోయిందండీ. అక్కడ ఆగాల్సింది" అన్నాడు.

"అదిరా! ఆ వాసన గుర్తుపెట్టుకో" అన్నాడు విస్సన్న.

మూడో రోజు బుచ్చన్న తను వాసన చూసి, మిగతా ఇద్దరినీ పిలిచి చూపించాడు. తిన్నాక అచ్చమాంబ, "ఒక్క చిటికెడు తక్కువ. అయినా ఫరవాలేదు" అంది.

పండుగ రానే వచ్చింది. పడిశం మాత్రం పోనే లేదు. గంగాళాలు కుతకుతలాడుతున్నాయి. విస్సన్న రెండు చేతులూ కట్టుకుని ఒక వారగా నిలబడ్డాడు.

"పచ్చివాసన పోలేదు. ఇంకో గుప్పెడు వెయ్యి" అన్నాడు జోగన్న.

"ఆగరా, ముక్క ఉడకనీ" అన్నాడు పేరయ్య.

బుచ్చన్న మళ్ళీ వంగి చూసి, "గుప్పెడక్కర్లేదు, సగం చాలు" అన్నాడు. మిగతా ఇద్దరూ ఆవిరి పట్టి సరేనన్నారు. ఒక్కడైనా తన వంక తిరుగుతాడేమోనని విస్సన్న చూశాడు. ఒక్కడూ తిరగలేదు. మనసు చివుక్కుమంది. వెంటనే కళ్ళు చెమర్చాయి, అది మాత్రం సంతోషమే.

నైవేద్యమైంది. పంక్తి కూర్చుంది. రాజుగారు మూడోసారి దప్పళం వేయించుకుని, "విస్సన్నా! నీ చేతి ఉప్పు ఏనాడూ తప్పదయ్యా!" అన్నారు.

తలూపి ఊరుకుంటే సరిపోయేది. విస్సన్న ఊరుకోలేదు. "మహాప్రభూ, నాకు పడిశం. ఇవాళ నా చెయ్యి ఉప్పు తాకలేదు. వేసింది ఈ ముగ్గురూ" అన్నాడు.

"మరి నువ్వేం చేశావు?"

"చేతులు కట్టుకుని నిలబడ్డాను ప్రభూ. ఇన్నేళ్ళలో ఇంత కష్టమైన పని ఎప్పుడూ చెయ్యలేదు!"

రాజుగారు పకపకా నవ్వారు. "అయితే నీ తరవాత పెద్ద గరిటె ఎవరిదన్న బెంగ ఇక నాకు లేదు" అన్నారు.

కథ కంచి దారి పట్టింది. పోతూ పోతూ ఈ మాట మన చేతిలో పెట్టింది: నేర్పేవాడు తన చెయ్యి వెనక్కి తీసుకుంటేనే, నేర్చుకునేవాడి చెయ్యి ముందుకొస్తుంది.