అంపయ్య చోటు

అనగనగా ఒక ఏరు. ఏటికి ఈ దరిన ఒక ఊరు, ఆ దరిన ఒక ఊరు. వంతెన అనే మాటే పుట్టని కాలం, మీ ముత్తాతకు ఇంకా పేరు పెట్టని కాలం. అటువాళ్ళు ఇటు రావాలన్నా, ఇటువాళ్ళు అటు పోవాలన్నా ఒక్కటే దిక్కు, అంపయ్య పుట్టి.

పుట్టి అంటే తెలుసుగా? వెదురుతో అల్లి తోలు తొడిగిన పెద్ద గుండ్రటి బుట్ట. దానికి ముందూ లేదు, వెనకా లేదు. తెడ్డు వేసేవాడు నిలబడి వేయాలి. వాడు తూలితే బుట్ట తూలుతుంది, బుట్ట తూలితే అందరూ ఏట్లోనే. అంపయ్య మాత్రం పాతిన రాటలా నిలబడేవాడు.

ఒక వానాకాలం సాయంత్రం అంపయ్య పుట్టిని గట్టు మీదికి లాగుతున్నాడు. పాచిబండ మీద కాలు జారింది. వెల్లకిలా పడ్డాడు. తల ఠంగున బండకు కొట్టుకుంది. పెళ్ళాం తిమ్మక్క పరుగెత్తుకొచ్చింది. కాసేపు పలుకూ లేదు, ఉలుకూ లేదు. తర్వాత లేచాడు. తిమ్మక్క తలంతా తడిమి చూసింది. చెయ్యి పొడిగానే ఉంది.

"నెత్తురు రాలే గదా, ఏం గాదు" అన్నాడు అంపయ్య.

ఆ ఊరి లెక్కే అది. నెత్తురొస్తే దెబ్బ, రాకపోతే దెబ్బే కాదు. మర్నాడు పొద్దున్నే తెడ్డు పట్టాడు.

నెల తిరిగింది. నీళ్ళ మీద నిలబడేవాడు నేల మీద తూలాడు. గోడ పట్టుకుని నడిచాడు. "నెత్తురు రాలే గదా, ఏం గాదు" అన్నారు ఊరివాళ్ళు.

పండగొచ్చింది. డప్పు మోగగానే చెవులు మూసుకుని, తల పట్టుకుని కూలబడ్డాడు. "నెత్తురు రాలే గదా, ఏం గాదు" అన్నారు.

ఎండాకాలం వచ్చింది. జనాన్ని ఎక్కించుకుని ఆ దరి దాకా పోయి, వాళ్ళను దింపకుండానే పుట్టిని మళ్ళీ ఈ దరికి తిప్పాడు. అందరూ విరగబడి నవ్వారు. "కల్లు ఎక్కువైందిలే" అన్నారు. తిమ్మక్కకు మాత్రం నవ్వు రాలేదు.

"ఊర్ల జెప్తనయ్యా" అంది ఆ రాత్రి.

"జెప్పకే. తెడ్డు పోతే నేనెవర్ని?" అన్నాడు. ఆమె చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి ప్రతిసారీ తనూ పుట్టి ఎక్కేది. చిప్పతో నీళ్ళు తోడుతూ, మొగుడి పాదాలనే చూస్తూ కూర్చునేది.

మళ్ళీ వానలొచ్చాయి. సంత రోజు. ఏరు ఎర్రగా పొంగుతోంది. పుట్టి నిండా మనుషులు, ఒళ్ళో పిల్లలు, కోళ్ళ గంపలు. నడి ఏట్లో ఏనుగంత బండ ఒకటుంది. దాన్ని తప్పించడంలోనే ఉంది బతుకంతా. బండ దగ్గర పడుతోంది. పుట్టి గిర్రున తిరిగింది. తిమ్మక్క చూసింది. మొగుడి కాలివేళ్ళు పుట్టి అడుగును గట్టిగా పట్టుకుని వణుకుతున్నాయి.

"పొద్దుగాల్నే పట్టిచ్చినవా ఏందిరా?" అని అరిచింది పుట్టిలో కూర్చున్న ముసలి సవారమ్మ.

ఔనంటే ఆ పూటకు పరువు దక్కేది. తాగినవాణ్ణి తిట్టి ఊరుకుంటారు, తెడ్డు లాక్కోరు. అంపయ్య నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"తాగలే పెద్దమ్మా. బండకు తల తగిలిన కాడికెల్లి తల నిలబడ్తలేదు. ఇంక నేను తెడ్డేస్తే మీ అందర్నీ ముంచుత."

అని కూర్చున్నాడు. తెడ్డు వేసేవాడు నడి ఏట్లో కూర్చోవడం ఎవరూ ఎరుగరు.

"లెయ్యిరా! నెత్తురు రాలే గదా!" అని ఎవరో మొత్తుకున్నారు.

"లోపల రాలేదని నువ్వు జూసినవా?" అని తిమ్మక్క లేచింది. ఆమెకు తెలిసింది ఖాళీ పుట్టిని రేవుకు తెచ్చి కట్టడమే. అయినా తెడ్డు అందుకుంది. ఒక్క పోటు వేసింది, పుట్టి తిరగడం ఆగలేదు. రెండో పోటు వేసింది, ఆగింది. మూడో పోటుకు బండ పక్కనుంచి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా, జారిపోయింది. దరి చేరాక సవారమ్మ అంపయ్య తల ఒళ్ళో పెట్టుకుని బావురుమంది.

ఆ తర్వాత తెడ్డు తిమ్మక్కదే. అంపయ్య జనం మధ్య కూర్చుని ఏరు దాటేవాడు. చాలా ఏళ్ళు బతికాడు, కానీ తూలడం పోలేదు. ఒక్కో పేరే మరిచిపోతూ వచ్చాడు. చివరికి ఆ సంత రోజునూ మరిచిపోయాడు. ఎవరైనా ఆ కథ చెబితే నోరు తెరుచుకుని వినేవాడు. "ఎవడో గానీ మంచోడు, కూసున్నడు" అనేవాడు. తిమ్మక్క మొహం పక్కకు తిప్పుకునేది.

ఆయన మరిచిపోయాడు, ఏరు దాటేవాళ్ళు మరవలేదు. ఇప్పటికీ ఆ రేవులో పుట్టి కదిలే ముందు తెడ్డు పట్టినవాడు కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడాలి. "నిలకడేనా?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. తూలితే ఎవరూ నవ్వరు. ప్రతి పుట్టిలో ఒక మనిషి కూర్చునేంత జాగా ఖాళీగా ఉంచుతారు. దాని పేరు అంపయ్య చోటు. తూలినవాడు అందులో కూర్చుంటాడు, తెడ్డు ఇంకొకరు అందుకుంటారు.

ఆ ఊళ్ళో ఆడుకుంటూ పడి తలకు తగిలించుకున్న పిల్లలు ఇప్పటికీ అదే అంటారు, "నెత్తురు రాలేదమ్మా, పోయి ఆడుకుంట" అని.

తల్లి రెక్క పట్టుకుని ఆపుతుంది.

"అంపయ్యకూ రాలే. కూసో."