గవరయ్య ఏరుకున్న రాడ్డు

చోడవరంలో గవరయ్య అనే కోడిపిల్లల వ్యాపారి ఉండేవాడు. ఎవరు మేలు చేసినా, అందులో వాళ్ల లాభమేమిటా అని వెతకడం అతని స్వభావం. మోటారుసైకిలుకు ఇరువైపులా బుట్టలు కట్టుకుని సంతలు తిరిగేవాడు.

ఒకసారి అతని బండి సైలెన్సర్‌కు వేలు దూరేంత చిల్లు పడింది. అందులోంచి కొట్టే సెగకు కుడివైపు బుట్టలో కోడిపిల్లలు సొమ్మసిల్లసాగాయి. మర్నాడే పెద్ద సంత. అమ్మవలసిన కోడిపిల్లలు ఇంటినిండా ఉన్నాయి. మెకానిక్కుకు ఇస్తే బండిలోని మంచి సామాను కాజేసి పాతది బిగిస్తాడని గవరయ్య భయం. అందుకని సైలెన్సర్ తానే విప్పుకుని, కిటికీ గ్రిల్స్ చేసే బావమరిది పైడిరాజు షెడ్డుకు వెళ్లాడు.

"నేనే అతుక్కుంటాను. నువ్వు చూపించు చాలు," అన్నాడు.

"అంటే నన్నూ నమ్మవన్నమాట! సరే, నేర్చుకో బావా," అని పైడిరాజు నవ్వాడు. తుప్పు గీకించి, ముఖానికి అడ్డుపెట్టుకునే నల్లద్దం ఇచ్చి, సన్నని వెల్డింగ్ రాడ్లు చేతిలో పెట్టాడు. "ఒక చుక్క పెట్టు, ఆగు. చల్లారాక ఇంకో చుక్క. మిషన్‌లో కరెంటు మాత్రం పెంచకు. నేను ఈ పక్క వీధిలో గేటు బిగించి వస్తాను."

వెళ్తూ వెళ్తూ అతను లావు రాడ్ల కట్టను పై అరలో పెట్టాడు. అది గవరయ్య కంటపడింది.

'మంచివి దాచి, పుల్లలు నాకు అంటగట్టాడు. సొంత అక్క మొగుడికి కూడా నాసిరకమేనా!' అనుకున్నాడు. పైడిరాజు ఇంకా వీధి మలుపు దాటలేదు, కేకేస్తే వినిపించేదే. కానీ అడిగితే దొంగ జాగ్రత్తపడతాడని గవరయ్య ఊరుకున్నాడు. లావు రాడ్డు తీశాడు. కరెంటు పెంచాడు. అంటించగానే రేకు ఎర్రబడి, జారి, బొట్లుగా రాలింది. పూడ్చబోయినకొద్దీ అంచులు కరిగాయి. వేలు దూరే చిల్లులో ఇప్పుడు పిడికిలి దూరుతోంది.

పైడిరాజు తిరిగి వచ్చి నెత్తి పట్టుకున్నాడు. "ఇదేం పని బావా? లావు రాడ్డు గేటు కమ్ములకి! ఈ పల్చటి రేకు దానికి ఆగుతుందా?"

"మరి దాన్ని దాచావెందుకు?"

"దాచానా? చెమ్మ తగలకుండా పైన పెట్టాను. ఎందుకని ఒక్క మాట అడిగితే చెప్పనా?"

లోపలి గొట్టం కూడా కరిగిపోవడంతో అతుకు వేసే వీలు లేకపోయింది. కొత్త సైలెన్సర్ అనకాపల్లి నుంచి రావాలి, సంత వేళకు అందదు. మర్నాడు అందరి బళ్లూ సంతకు వెళ్తుంటే, గవరయ్య అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

నీతి: ఎదుటివాడి మీద అనుమానం కలగడం తప్పు కాదు; కానీ దాన్ని అతన్నే అడిగి తేల్చుకోకుండా మనసులోనే తీర్పు చెప్పుకుంటే, ఆ తీర్పుకు శిక్ష అనుభవించవలసింది మనమే.