దవనం గిన్నెలు

కడియంలో పూలమొక్కల నర్సరీల పక్కన, ఒక మేడ మీది వాటాలో మందాకిని అనే ఇల్లాలు ఉండేది. ఏ లోపం కనిపించినా దాన్ని సరిచేయడం కన్నా పైన అందంగా ఏదో ఒకటి కప్పేయడమే ఆమెకు అలవాటు. గోడ బీటలు వారితే క్యాలెండరు తగిలించేది. కూర మాడితే మీద కొత్తిమీర గుప్పేది. భర్త పురుషోత్తం నవ్వి ఊరుకునేవాడు.

ఒకసారి వాళ్ళ బాత్రూంలో చెడువాసన మొదలైంది. బజారులో దొరికే స్ప్రే కొడితే పురుషోత్తం ఒకటే తుమ్ములు. అందుకని మందాకిని ఇంట్లోనే సువాసనలు తయారుచేయడానికి పూనుకుంది. చేతిలో పనితనం ఉన్న మనిషి. నిమ్మతొక్కలు ఎండబెట్టి, లవంగాలు దంచి, కాస్త కర్పూరం కలిపి పల్చటి గుడ్డలో మూటలు కట్టేది. వట్టివేళ్ళు నానబెట్టిన నీళ్ళు మూలమూలలా చిలకరించేది. నర్సరీ నుంచి దవనం, మరువం తెచ్చి వంటసోడా పోసిన గిన్నెల్లో గుచ్చేది. ఆ ఘుమఘుమలు బయటికి పోకూడదని కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టేసింది. వాడిపోయిన ఆకుల్నీ తొక్కల్నీ మాత్రం ఎత్తి పారేసే ఓపిక లేక, అక్కడే నాలుగు చెంబుల నీళ్ళు కొట్టి తూములోకి తోసేసేది.

"పూలకొట్టులో అడుగుపెట్టినట్టుందమ్మా!" అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మెచ్చుకుంటుంటే మందాకిని మురిసిపోయేది. కానీ నాలుగు రోజులకే చెడువాసన మళ్ళీ తలెత్తేది. అప్పుడు ఇంకో గిన్నె పెట్టేది.

అలా ఉండగా ఆమె చెల్లెలు చారుమతి నెల తప్పింది. వేవిళ్ళతో మెతుకు నిలవడం లేదు. తల్లి లేని పిల్ల కదా, అక్క దగ్గరుంటే తేరుకుంటుందని చారుమతి భర్త తీసుకొచ్చి దింపి వెళ్ళాడు. మందాకిని పొంగిపోయింది. చెల్లెలి కోసమని బాత్రూంలో మల్లెపూల గిన్నె ఒకటి అదనంగా పెట్టింది.

చారుమతి లోపలికి వెళ్ళిన కాసేపటికే నోటికి పైట చెంగు అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది.

"ఏమైందే?" అంది మందాకిని కంగారుగా.

"ఏం లేదక్కా, వేవిళ్ళు కదా" అంది చారుమతి.

ఆ తర్వాత ఆమె ఏ అవసరం వచ్చినా మెట్లు దిగి, కింది వాటాలో ఉండే జైనబ్ ఇంటికి వెళ్ళసాగింది. స్నానానికి కూడా అక్కడికే. "పిన్నిగారి కబుర్లు బాగుంటాయక్కా" అని నవ్వేసేది. సొంత అక్క ఇల్లుండగా పరాయి ఇల్లేమిటని మందాకిని మనసు చివుక్కుమంది. అలా మాటిమాటికీ మెట్లు దిగొద్దని మాత్రం చెబుతూనే ఉండేది.

ఒకరోజు పొద్దున్నే వాన పడింది. మెట్లు తడిసి ఉన్నాయి. చారుమతి గబగబా దిగుతూ కాలు జారింది. అప్పుడే తలుపు తీసిన జైనబ్ ఒక్క ఉదుటున వచ్చి ఆమెను పొదివి పట్టుకుంది. గోడకు రాసుకుని మోచెయ్యి చెక్కుకుపోయింది గానీ మరే ప్రమాదమూ జరగలేదు. కేక విని మందాకిని పరుగున వచ్చింది.

"దానికి ఎన్నిసార్లు చెప్పినా వినదు పిన్నిగారూ! పైన ఇల్లు లేదా?" అంది మందాకిని.

జైనబ్ చారుమతిని మెట్టు మీద కూర్చోబెట్టింది. "మందాకినమ్మా, ఇప్పుడు కూడా చెప్పకపోతే నాదే తప్పవుతుంది. ఈ పిల్ల నా కబుర్ల కోసం రావడం లేదు. మీ బాత్రూంలో నిలబడలేక వస్తోంది."

మందాకిని చెల్లెలి వైపు తిరిగింది. చారుమతి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నా కోసం అంత ఇష్టంగా పూలు పెట్టావక్కా, బాగాలేదని ఎట్లా చెప్పను? పైన పూలవాసన, అడుగున ఏదో కుళ్ళు. రెండూ కలిసి కడుపులో తిప్పేస్తున్నాయి."

'ఊరంతా మెచ్చుకుంటుంటే నీకొక్కదానికే వచ్చిందా ఆ కంపు' అన్న మాట మందాకిని నాలుక చివరిదాకా వచ్చింది. చెల్లెలి మోచేతి మీద నెత్తురు చూసి ఆ మాట మింగేసింది. గాయం కడిగి, పసుపు అద్ది, ఆమెను మంచం మీద పడుకోబెట్టింది. ఆ తర్వాత కొంగు దోపుకుని బాత్రూంలోకి నడిచింది.

గిన్నెలన్నీ, మూటలన్నీ తీసి బయట పెట్టింది. అవి ఉన్నంతసేపూ దాక్కున్న కంపు ఒక్కసారిగా ముక్కు బద్దలుకొట్టింది. వాసన ఎటు నుంచి వస్తోందో అటే వెళ్ళి, వంగి తూము మీది జాలీ ఎత్తింది. లోపల నల్లగా, జిగురుగా కుళ్ళిన ముద్ద. పుల్లతో లాగి చూస్తే అడుగున ఎప్పటిదో వెంట్రుకల ఉండ, దాని చుట్టూ దవనం రెమ్మలు, నిమ్మతొక్కలు, మల్లెపూలు! తను కప్పాలని పెట్టినవే కంపుకు మేత అయ్యాయి. మందాకిని సిగ్గుతో తల దించుకుంది.

పురుషోత్తం కిటికీ అట్టముక్క పీకేశాడు. దాని వెనకాల గోడంతా బూజు. మందాకిని ఆ కుళ్ళంతా ఎత్తి పారబోసి, వంటసోడా చల్లి, వెనిగర్ పోసి, పొంగు అణిగాక వేడినీళ్ళు గుమ్మరించింది. కొబ్బరిపీచుతో గోడలు, నేల తోమింది. నడుము పట్టేసినా వదల్లేదు. మధ్యాహ్నానికి వాన వెలిసి, కిటికీలోంచి ఎండ పడి నేల పొడిగా ఆరింది.

మర్నాడు చారుమతి భయం భయంగా లోపలికి వెళ్ళింది. ఎంతసేపటికీ రాదు. మందాకిని గుమ్మం దగ్గరే తచ్చాడింది. చివరికి చెల్లెలు తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ బయటికొచ్చింది.

"అక్కా, ఏ వాసనా లేదు!" అంది ముఖమంతా విప్పారగా. "ఆకలేస్తోంది, ఏమైనా పెట్టు."

మందాకిని అంత గొప్ప మెప్పు అంతకుముందెన్నడూ వినలేదు. వేడివేడి అన్నంలో చారు పోసి పెడితే చారుమతి కంచం ఖాళీ చేసింది. చెల్లెలి అనుమతి అడిగి మరీ, బాత్రూంలో ఒకే ఒక్క చిన్న గిన్నెలో వంటసోడా పోసి నాలుగు నిమ్మచుక్కలు పిండింది. ఆ తర్వాత ఎవరు వచ్చి సువాసనల సంగతి అడిగినా, "చెబుతాను గానీ, ముందు మీ తూము జాలీ ఎత్తి చూసి రండి" అనేది.

నీతి: లోపాన్ని పైపై అందాలతో కప్పితే అది చాటున పెరుగుతుంది, మూలం వెతికి తొలగిస్తేనే పోతుంది.